పడుగు మీద పసుపు చుక్కలు

మెహర్‌ని మొదటిసారి సరిగ్గా చూసిన రోజు నాకు ఒక కన్నే పనిచేస్తోంది. రెండోది తేనెటీగ కుట్టి బూరెలా పొంగిపోయింది. ఉన్న ఆ ఒక్క కన్నుతోనే నేను పడాల్సినంత పడిపోయాను.

తప్పు నాదే. నా పేరు రంజాన్. వార్డు శానిటేషన్ సెక్రటరీగా చేరి అప్పటికి నాలుగు నెలలు. చెత్త బళ్ళు, మురుగు కాలవలు, వీధికుక్కల గొడవలు తప్ప నాకు ఇంకో లోకం తెలీదు. ఇళ్ళ మధ్య తేనె పెట్టెలు పెట్టుకునేవాళ్ళకి మా మునిసిపాలిటీ ఆ నెలలోనే కొత్తగా నిబంధనలు తెచ్చింది. వాటి కింద వచ్చిన మొదటి ఫిర్యాదు నా వార్డుదే. మొదటిది కదా, గొప్పగా ఉండాలని నల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని, ఒళ్ళంతా సెంటు కొట్టుకుని, నోటీసు పట్టుకుని చేనేత కాలనీ మూడో వీధిలో డాబా ఎక్కాను.

ఆరు చెక్క పెట్టెలు. వాటి వెనక తలకి వల కట్టుకున్న ఒక అమ్మాయి.

“ఏమండీ! అక్కడ నిలబడకండి!”

“నేనెక్కడ నిలబడాలో మీరు చెప్పక్కర్లేదు. మునిసిపాలిటీ నుంచి వచ్చాను.”

“ఆ సంగతి వాటికి తెలీదండీ. మీరు నిలబడింది వాటి దారి.”

“దారి ఎవరిదైనా...” అన్నానో లేదో, ఎడమ కనురెప్ప మీద నిప్పు పెట్టినట్టయింది.

“గిల్లకండి! గిల్లితే విషమంతా లోపలికి దిగుద్ది.” పరిగెత్తుకొచ్చి, నా మెళ్ళో ఉన్న ఐడీ కార్డు లాగి, దాని అంచుతో ముల్లు గీరి తీసేసింది. “నల్ల చొక్కా, పైన సెంటు. వాటి కంటికి ఎలుగుబంటిలా ఉండుంటారు.”

“మీ కంటికి?”

ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. ఆమె వల పైకెత్తి నన్ను ఎగాదిగా చూసింది.

“నోటీసు ఇవ్వడానికొచ్చిన మనిషిలా ఉన్నారు. ఇవ్వండి మరి.”

కింద వాళ్ళ నానమ్మ రహమతున్నీసా తమలపాకుల పెట్టెలోంచి సున్నం తీసి నా రెప్ప మీద రాసింది. “పాపం, గవర్నమెంటు బిడ్డ” అంది. అమ్మానాన్నలు పొన్నూరులో బియ్యం వ్యాపారం చేస్తారట, మనవరాలు ఈవిడ దగ్గరుండి తేనె తీసి మంగళగిరి ఆఫీసుల్లో అమ్ముతుందట. నేను ఒంటికన్నుతో నోటీసు చదవబోతే మెహర్ చేయి చాపింది.

“ఇటివ్వండి, నేనే చదువుకుంటా.”

చదివింది. మామూలుగా జనం నోటీసు తీసుకుని ‘ఎంతివ్వాలి’ అని అడుగుతారు, లేదా ‘మా బావ ఫలానా’ అంటారు. ఈ అమ్మాయి మాత్రం ప్రతి లైనూ వేలు పెట్టి చదివింది. నాలుగు పెట్టెలకి మించకూడదు. పెట్టెల మూతి వీధి వైపు ఉండకూడదు. ఆరడుగుల తెర కట్టాలి. తేనెటీగలకి నీళ్ళు సొంత డాబా మీదే పెట్టాలి. హద్దు పంచుకునే ఇంటివాళ్ళ సంతకం కావాలి. ఇవన్నీ ఇరవై ఒక్క రోజుల్లో జరగాలి, లేకపోతే పెట్టెలు ఊరి బయటికి తరలించాలి.

“ఊరి బయటికంటే ఎక్కడికండీ?”

“ఎక్కడికేముంది, పొలాల్లోకి. వాటికీ హాయి కదా.”

ఆమె మొహం మారింది. “మన పొలాలంటే మిరప, పత్తి. వాటి మీద ఎన్నిసార్లు మందు కొడతారో తెలుసా? పోయినేడు మా చిన్నాన్న చేలో తొమ్మిది పెట్టెలు పెట్టా. పక్క చేనువాళ్ళు పొద్దున్నే స్ప్రే చేశారు. సాయంత్రానికి చీపురుతో ఊడ్చి ఎత్తాను. మిగిలినవే ఇవి. బయటికి పంపడమంటే చంపడమే.”

ఆమె నోటీసు మడిచింది.

“ఇరవై ఒక్క రోజులు కదా” అంది. “ఒక్క రూల్ కూడా తప్పను. ఆ తరవాత మీరు మాత్రం ఏం తప్పుపడతారో చూస్తా.”

నేను మెట్లు దిగేసరికి ఫిర్యాదు చేసిన మాలకొండయ్య వీధిలోనే కాపు కాశాడు. ఎదురిల్లు కాదు, పక్కిల్లే. చేనేతలో నలభై ఏళ్ళ అనుభవం, గొంతు మాత్రం సినిమా హాలు స్పీకరు.

“చూడవయ్యా సెక్రటరీ, నీ కళ్ళతో చూడు!” అంటూ ఒక తెల్ల పడుగు విప్పాడు.

“ఒక్క కన్నే ఉందండీ ప్రస్తుతానికి.”

“అయితే ఆ కన్నుతోనే చూడు.”

మగ్గం ఎక్కించే ముందు పడుగు పోగులు వీధి పొడుగునా పరిచి, తెల్లారగట్ల గంజి పట్టించి ఆరబెడతాడు. ఆ గంజి తడి కోసం తేనెటీగలు గుంపులుగా దిగుతాయి. వచ్చి ఊరుకోవు, పసుపు చుక్కలు రెట్టలుగా వదిలిపోతాయి. తెల్లటి పడుగు మీద సన్నగా, చక్కగా, లెక్కలేనన్ని చుక్కలు. ఈ పడుగుతో నేసిన చీర తీసుకోనని షాపువాడు చెప్పేశాడట.

“ఇది ఇట్టాగే దాచుంచుతా. ఎవరడిగినా సాక్ష్యం ఇదే. సంతకం మాట ఎత్తితే ఊరుకోను. తేనెటీగల మీద నాకు కోపం లేదు, నా పడుగు మీద వాలితేనే కోపం” అన్నాడు. ఆయన మాట కూడా అబద్ధం కాదు. అదే వచ్చిన చిక్కు.

రెండో రోజు నుంచి ‘తనిఖీ’ పేరుతో నేను రోజూ ఆ డాబా ఎక్కాను. తెల్ల చొక్కా వేసుకుని, సెంటు లేకుండా. నిబంధనల్లో రోజూ తనిఖీ అని ఎక్కడా లేదు. ఆ విషయం మెహర్ కూడా చదివే ఉంటుంది, అయినా ఏమీ అనలేదు.

ఆరు పెట్టెల్ని నాలుగు చేయాలి. నేను సలహా ఇచ్చాను. “రెండింట్లోవి తెచ్చి మిగతా వాటిలో పోసేస్తే సరి.”

“పోస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. దేని వాసన దానిదే. పరాయి వాసన ఒప్పుకోవు.” ఆమె ఒక పెట్టె మూత తీసి, దాని మీద ఒక పాత దినపత్రిక కాగితం పరిచి, సూదితో అక్కడక్కడా పొడిచి, పైన రెండో పెట్టె పెట్టింది; ఇంకో జతకీ అంతే. “ఇక ఇటువైపువి కొంచెం, అటువైపువి కొంచెం కాగితం కొరుక్కుంటా ఉంటాయి. దారి పడేసరికి ఒకరి వాసన ఒకరికి అలవాటైపోద్ది. అప్పుడు కొట్లాట ఉండదు.”

“ఎన్ని రోజులు పడుతుంది?”

“మనుషుల కంటే తొందరగానే.”

ఆ మాటన్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. చూడకపోవడం కొంచెం ఎక్కువైందనిపించింది.

తెర కట్టింది, నీలం షేడ్ నెట్టు, టేపుతో కొలిచి మరీ ఆరడుగులు. పెట్టెల మూతులు వెనక ఖాళీ స్థలం వైపు తిప్పింది. తొట్టిలో నీళ్ళు పెట్టింది. అన్నీ పెట్టినా ఈగలు మాత్రం ఆ తొట్టి వైపు తిరిగి చూడలేదు. తెర ఎక్కి దాటి, చక్కగా మాలకొండయ్య గంజి మీదే వాలేవి. ఒకసారి మరిగిన చోటు వదలవట. తొట్టిలో దిగిన నాలుగూ నీళ్ళలో పడి చచ్చాయి.

ఐదో రోజు ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. మొదటిసారి ఆ మొహంలో అలసట చూశాను. నా బుద్ధి అక్కడే గడ్డి తింది.

“సంతకం సంగతి వదిలేయండి మెహర్ గారూ. ఫారం నా చేతిలోదే కదా. పెట్టారని నేను రాసేస్తా. ఎవరు చూస్తారు?”

ఆమె లేచి నిలబడింది. “మీరు వెళ్ళండి.”

“మీ కోసమే...”

“నా కోసమైతే అసలు వద్దు. దొంగ సంతకంతో ఉంటే, రేపు ఇంకో సెక్రటరీ వచ్చి ఒక్క పూటలో పీకి పారేస్తాడు. నాకు దయ వద్దండీ. రూల్ కావాలి. నా పెట్టెలు హక్కుగా ఉండాలి.”

నేను వచ్చేశాను. రాత్రి అన్నం సహించలేదు. సిగ్గు వేసింది, నిజంగా సిగ్గు. మా నాన్నకి పెదకాకానిలో పరుపుల షాపు. ఆయన దూదిలో పాత దూది కలపమంటే చచ్చినా కలపడు. ఆయన కొడుకునై ఉండి నేను చేయబోయిన పని అదే. షాపులో దూది మూటకి ఆనుకుని కూర్చుంటే, చేతి కింద తడి తగిలింది. ఎవరో పెట్టిన నీళ్ళ చెంబు ఒలికి, దూది అంతా పీల్చేసుకుంది. నొక్కితే నీరు వస్తోంది, మునగడానికి మాత్రం లేదు.

నిటారుగా కూర్చున్నాను. నిబంధనలు మళ్ళీ తీశాను. ఈసారి ఆమె చదివినట్టు, వేలు పెట్టి. చివరి పేజీలో ఉంది. పొరుగువారు సంతకానికి ఒప్పుకోకపోతే, అధికారి ఏడు రోజులు వరసగా వచ్చి పొరుగు చోట వాలే ఈగల్ని లెక్కపెట్టాలి. ఏడో రోజున పది లోపు ఉంటే అభ్యంతరం చెల్లదు.

తెల్లారి దూది మూటతో మాలకొండయ్య గుమ్మం ఎక్కాను.

“బాబాయ్, ఒక చెంబు గంజి కావాలి.”

“సంతకం కాదుగా?”

“కాదు. గంజే.”

“గంజి అడిగితే కాదనే ఇల్లు కాదు మాది. ఏయ్ రాజేశ్వరీ, ఈ అబ్బాయికి ఒక తపేలా పొయ్యి!”

మెహర్ తలుపు తీసి దూదినీ, గంజినీ, నన్నూ వరసగా చూసింది. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. “వాటికి కావాల్సింది ఆ గంజి వాసన. దూదిలో తడిపి పెట్టెల పక్కనే పెడదాం, మునగవు. రోజుకి కాస్త గంజి తగ్గించి నీళ్ళు పెంచుదాం. నిన్న అన్న మాటకి క్షమించండి. ఇంకెప్పుడూ అనను.”

ఆమె దూది మూట అందుకుంది. “ముందు ఇది చేద్దాం. క్షమించడం సంగతి ఏడు రోజులయ్యాక చూద్దాం.”

మర్నాడు పొద్దున ఆరింటికి నేను మాలకొండయ్య అరుగు మీద పుస్తకం, పెన్ను పెట్టుకుని కూర్చున్నాను. వీధిలో పడుగు. ఆయన కుంచెతో గంజి పట్టిస్తూ నన్ను ఓరకంట చూస్తూ ఉన్నాడు.

మొదటి రోజు రెండు వందల పన్నెండు. రెండో రోజు నూట అరవై. ఆ రోజు ఆయనే చాయ్ ఇచ్చాడు. మూడో రోజు తొంభై. “అదిగో, అది లెక్కలో వేశావా? నా ఎడం పక్క!” అని అరిచాడు. వేశానన్నాను. నాలుగో రోజు నలభై ఒకటి. ఐదో రోజు ఇరవై మూడు. పైన తెర వెనక మెహర్ దూది తడుపుతూ, ఒక్కో రోజు అంకె అడగకుండా నా మొహం మాత్రం చూసేది. నేను నవ్వేవాణ్ణి. ఆమె నవ్వు ఆపుకుని లోపలికి పోయేది. ఆ ఒక్క నిమిషం కోసం నేను ఐదింటికే లేచి తయారయ్యేవాణ్ణి.

ఆరో రోజు పదకొండు కనబడ్డాయి.

పుస్తకంలో తొమ్మిది అని రాశాను.

రాశాక చూసుకున్నాను. చేయి దానంతట అదే రాసింది. కొట్టేసి పదకొండు అని దిద్దాను. ఈ రోజు అంకెతో పని లేదు. రేపటి అంకెతో పని ఉంది. రేపు పదకొండు కనబడితే నేనేం రాస్తాను? జవాబు నాకు తెలుసు. నేను ఆమెని ప్రేమిస్తున్నాను. ఇక నా లెక్కకి విలువ లేదు.

ఆ సాయంత్రం శానిటరీ ఇన్‌స్పెక్టర్ సంజీవరావు గారికి ఉత్తరం రాసిచ్చాను. ‘ఈ ఫైలు నుంచి నన్ను తప్పించి, లెక్క వేరొకరితో మొదటి నుంచీ చేయించగలరు. కారణం: దరఖాస్తుదారు మెహర్ గారిని పెళ్ళి చేసుకోవాలని నాకు ఉంది. ఈ విషయం ఆమెకు తెలియదు.’

సంజీవరావు గారు రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు. రిటైర్మెంటుకి దగ్గరున్న మనిషి. “ఒక్క రోజు ఆగితే అయిపోయేది కదయ్యా.”

“ఆ ఒక్క రోజుకే భయం సార్.”

“గడువు చూసుకున్నావా? ఎల్లుండి మొదలుపెడితే ఏడు రోజులు సరిగ్గా సరిపోతాయి. ఒక్క రోజు వాన పడిందా, ఆ పెట్టెలు పొలాలకే.”

“తెలుసు సార్.”

“సరే. నేనే పోతా.”

నేను మర్చిపోయింది ఒక్కటే. ఫైలు మీద ఏ కాగితం కదిలినా ఒక నకలు దరఖాస్తుదారుకి అందాలి. పైగా సంజీవరావు గారికి ఏ నోటీసైనా ఇంటి ముందు నిలబడి పెద్దగా చదివి వినిపించడం అలవాటు. చదువు రానివాళ్ళకి అన్యాయం జరగకూడదని ముప్పై ఏళ్ళ నుంచీ అదే పద్ధతి.

రెండో పొద్దున ఆరున్నరకి మాలకొండయ్య ఫోన్ చేశాడు.

“ఒరేయ్ అబ్బాయ్! నీ పెళ్ళి మాట మీ పెద్దాయన నడివీధిలో చదివేశాడు! పడుగు పట్టుకున్న నలుగురూ విన్నారు. ముసలమ్మ అయితే మళ్ళీ చదవమంది!”

“మెహర్ గారు ఏమన్నారు బాబాయ్?”

“ఏమీ అన్లేదు. కాగితం తీసుకుంది, సంతకం పెట్టింది, పైకి పోయింది.”

ఆ వీధికి నేను వెళ్ళకూడదు. వెళ్తే కొత్త లెక్క కూడా చెడిపోతుంది. ఏడు రోజులు ఆఫీసులో కూర్చుని చెత్త బళ్ళ ట్రిప్పులు చూసుకున్నాను. సంజీవరావు గారు రోజూ తొమ్మిదింటికి వచ్చి, బ్యాగు కొక్కేనికి తగిలిస్తూ అంకె చెప్పేవారు. మొదటి రోజు పదమూడు. తరవాత తొమ్మిది. ఆ తరవాత ఏడు. నాలుగో రోజు మబ్బు పట్టింది. నేను ఆఫీసు మెట్ల మీద నిలబడి ఆకాశం వైపే చూశాను, నాలుగు చినుకులు పడి మబ్బు అమరావతి వైపు వెళ్ళిపోయింది. ఆమె దగ్గర నుంచి ఒక్క కబురు లేదు. అన్ని కాగితాలు అంత శ్రద్ధగా చదివే మనిషి, నా కాగితం చదివి ఊరుకుంది. అదే జవాబు అనుకున్నాను. బాధగానే ఉంది. రాసినందుకు మాత్రం విచారించలేదు.

ఏడో రోజు సంజీవరావు గారు బ్యాగు తగిలించకుండా వచ్చి నా బల్ల మీద పెట్టారు.

“రెండు” అన్నారు. “అదీ కాకుండా ఇది చూడు.”

ఫారంలో, హద్దు ఇంటి సంతకం ఉండాల్సిన చోట, కోణాలు కోణాలుగా ‘మాలకొండయ్య’ అని ఉంది. లెక్క గెలిచాక దాంతో అవసరమే లేదు. అడగకుండా పెట్టాడట. ‘పడుగు తెల్లగా ఉంది, ఇంకేం కావాలి’ అన్నాడట.

మధ్యాహ్నం అనుమతి పత్రం తీసుకోవడానికి మెహర్ వచ్చింది. ప్రతి లైనూ చదివింది. ఏటా ఒకసారి తనిఖీ అన్న చోట వేలు ఆగింది, కదిలింది. రసీదు మీద సంతకం పెట్టింది. తరవాత నా బల్ల దగ్గరికి వచ్చి, మడతలు పడిన ఒక నకలు తీసి నా ముందు పెట్టింది. నా ఉత్తరం.

“ఇందులో ఒక లోపముందండీ.”

“ఏంటది?”

“పక్కింటాయన సంతకం కోసం ఏడు పొద్దులు అరుగు మీద కూర్చోమని రూల్ పెట్టారు. పెళ్ళికి మాత్రం నన్నే అడగలేదు. వీధికి చెప్పారు, ఆఫీసుకి చెప్పారు. నాకు?”

ఆఫీసులో అందరి కీబోర్డులూ ఆగిపోయాయి. నేను లేచి నిలబడ్డాను.

“మెహర్, మీరంటే నాకు చాలా ఇష్టం. మీ పట్టుదల ఇష్టం. ఆ రోజు మీరు నన్ను పొమ్మన్నది ఇంకా ఇష్టం. నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

ఆమె ఉత్తరం మడిచి మళ్ళీ బ్యాగులో పెట్టుకుంది.

“మీరు పుస్తకంలో తొమ్మిది కొట్టేసి పదకొండు దిద్దింది సంజీవరావు గారు చూపించారు. ఆ రోజే వచ్చి చెప్దామనుకున్నా. వస్తే లెక్క చెడిపోద్దని ఆగా.” కాస్త నవ్వింది. “ఏడు రోజులు మధ్యలో కాగితం ఉంది కదా. ఇక చాలు. నాకు ఇష్టమే.”

సంజీవరావు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, “నానమ్మ గారేమంటారో మరి” అన్నారు.

“మొన్ననే పొన్నూరుకి ఫోన్ చేసేసింది సార్. గవర్నమెంటు బిడ్డ అబద్ధం రాయడు అని మా నాన్నకి చెప్పింది. ఈ ఆదివారం వీళ్ళ పరుపుల షాపుకి వస్తున్నాం.”

పెళ్ళికి నాలుగు రోజుల ముందు మాలకొండయ్య, రాజేశ్వరి పిన్ని ఒక చీర తెచ్చారు. మంచి ముదురు తేనె రంగు, సన్నటి జరీ అంచు. నానమ్మ మెహర్ భుజం మీద వేసి చూసుకుంది.

“తెల్లచీరలు నేసే మనిషివి, ఈ రంగేంది మాలకొండయ్యా?” అంది.

“ఇంకేం రంగు వేయమంటావమ్మా? ఇది ఆ పడుగే.” ఆయన గొంతు మొదటిసారి తగ్గింది. “సాక్ష్యానికని దాచిన పడుగు. కేసు లేదు కదా, ఎన్నాళ్ళని దాచను? మగ్గం ఎక్కించి నేసి, రంగు అద్దించా. చుక్కలన్నీ ఇందులోనే ఉన్నాయి.”

మెహర్ చీర కొంగు వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. నేనూ పక్కన నిలబడి వంగి చూశాను. ఇద్దరం ఎంతసేపు వెతికినా ఒక్క చుక్క దొరకలేదు.